వానకి కొన్నాను, మంచులోనూ నిలబడ్డాయి: మా టొయోటా రావ్‌ఫోర్ కారుకి మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2 టైర్లు వేయించి రెండు చలికాలాలు

2023 నవంబరు, సాయంత్రం ఐదున్నర. సియాటెల్ పక్కన మా రెడ్‌మండ్‌లో ఆ వేళకి పూర్తిగా చీకటి. నావెల్టీ హిల్ రోడ్ మీద కిందికి దిగుతున్నాను, వెనక సీట్లో పాప, పక్కన దాని డాన్స్ క్లాసు బ్యాగు. వాన పెద్దదేం కాదు, సియాటెల్ తుంపర, వైపర్లు ఆగి ఆగి ఒకసారి తుడిస్తే సరిపోయేంత. కింద అవొండేల్ రోడ్ దగ్గర సిగ్నల్ ఎరుపుకి మారింది, నేను గంటకి 35 మైళ్ల మీద ఉన్నాను, బ్రేకు తొక్కాను. కాలి కింద పెడల్ టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది, చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ తన పని తాను చేస్తోందని అర్థమైంది, కానీ బండి జారుతూ పోయి, ఆగాల్సిన గీత దాటి, మనుషులు నడిచే చారల్లో సగం దాకా వెళ్లి అప్పుడు ఆగింది. ఆ క్షణంలో అక్కడ ఎవరూ రోడ్డు దాటడం లేదు. "ఏంటి నాన్నా ఆ చప్పుడు?" అంది పాప. ఏం లేదమ్మా అన్నాను గానీ ఇంటికి చేరేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఆ రాత్రే గరాజ్‌లో ఫోన్ లైటు వేసుకుని టైర్లు చూశాను. మా మావయ్యకి తాడేపల్లిగూడెంలో లారీ ఉండేది. వానలు మొదలయ్యే ముందు ఆయన ప్రతి టైరు గాడిలో బొటనవేలి గోరు దింపి చూసేవాడు, దిగినంత లోతు ఆయనకి నచ్చకపోతే ఆ టైరు ముందు చక్రానికి ఉండేది కాదు. నేనూ గోరు దింపాను, సగం కూడా దిగలేదు. ఇక్కడ జనం నాణెంతో చూస్తారు: క్వార్టర్‌ని, అంటే పాతిక సెంట్ల నాణేన్ని, తలకిందులుగా గాడిలో పెడితే వాషింగ్టన్ తల పైఅంచు దాకా రబ్బరు వస్తే 4/32 అంగుళం లోతు ఉన్నట్టు, ఒక సెంటు పెన్నీ పెడితే లింకన్ తల అంచు దాకా వస్తే 2/32 ఉన్నట్టు. నా టైర్లు పెన్నీ పరీక్ష పాసయ్యాయి, క్వార్టర్ పరీక్ష తప్పాయి. అంటే చట్టం లెక్కలో ఇంకా బాగున్నట్టే, ఎందుకంటే వాషింగ్టన్ రాష్ట్రంలో 2/32 దాకా నడుపుకోవచ్చు. తడి రోడ్డు లెక్కలో మాత్రం అయిపోయినట్టే. గాడులు ఉండేది టైరు కింద నీళ్లని పక్కకి తోసేయడానికి. గాడి లోతు తగ్గేకొద్దీ ఆ నీళ్లకి పోయే దారి ఉండదు, రబ్బరుకీ రోడ్డుకీ మధ్య పల్చటి నీటి పొర మిగిలిపోతుంది, ఇక బ్రేకు ఎంత గట్టిగా తొక్కినా ఆ పొర మీద జారడమే. తడి రోడ్ల మీద తిరిగేవాళ్లు 4/32 దగ్గరే మార్చేయాలని టైర్లు పరీక్షించేవాళ్లు చెప్తూనే ఉంటారు. నేను చదివాను కూడా. చదివి వదిలేశాను.

కొనే ముందు నా బుర్రలోంచి తీసేయాల్సిన మాట ఇంకొకటి ఉంది, మనవాళ్లందరి నోటా వినేదే: "మనది ఆల్ వీల్ డ్రైవ్ కదా, ఏం పర్లేదు." ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజను బలం నాలుగు చక్రాలకీ అందడం, అది బండిని కదిలించడానికి పనికొస్తుంది. మంచులో డ్రైవ్‌వే నుంచి బయటికి రావడానికి, ఎత్తు ఎక్కడానికి అది నిజంగా గొప్ప వసతి, కాదనను. కానీ బ్రేకులు ప్రతి కారుకీ నాలుగు చక్రాలకీ ఉంటాయి, పక్కింటివాళ్ల మామూలు కామ్రీకి కూడా. ఆగేటప్పుడు, మలుపు తిరిగేటప్పుడు ఆల్ వీల్ డ్రైవ్ అన్న అక్షరాల వల్ల ఒరిగేదేమీ లేదు, బండి బరువంతా నాలుగు అరచేతులంత రబ్బరు మీదే ఉంటుంది. పైగా ఎస్‌యూవీ బరువు ఎక్కువ. ఇంకో ప్రమాదం కూడా ఉంది, బయల్దేరేటప్పుడు చక్రాలు ఏమాత్రం జారవు కాబట్టి రోడ్డు ఎంత జారుడుగా ఉందో మనకి తెలియదు, ఆ సంగతి మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడే.

ఇక మా వాతావరణం. సియాటెల్ అంటే వానలే వానలు అనుకుంటారు గానీ ఏడాది మొత్తం కలిపితే పడేది వెయ్యి మిల్లీమీటర్ల లోపే, ఇంచుమించు మన కోస్తాలో పడేంతే. మనకి అది నాలుగు నెలల్లో కుండపోతగా పడి పోతుంది, ఇక్కడ అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా రోజూ కొంచెం కొంచెం తడుపుతూ ఉంటుంది. కాబట్టి రోడ్డు ఆరదు. ఎండాకాలం అంతా రోడ్డు మీద పేరుకున్న నూనె మరకలు మొదటి వానకి పైకి తేలతాయి, ఆ రెండు మూడు రోజులు సబ్బు రాసినట్టుంటుంది. తర్వాత మేపుల్ ఆకులు. మా వీధిలో ఒక్కో ఆకు అన్నం తినే పళ్లెమంత ఉంటుంది, నలిగి తడిసి రోడ్డుకి అతుక్కుపోతాయి, వాటి మీద బ్రేకు వేస్తే అరటితొక్క మీద కాలేసినట్టే. హైవేల సంగతి వేరు. చలికాలంలో కొందరు ఇనుప మేకులున్న స్టడెడ్ టైర్లు వాడతారు, నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా ఇక్కడ చట్టం ఒప్పుకుంటుంది. ఆ మేకులు ఏళ్ల తరబడి రోడ్డుని గీకి గీకి ప్రతి లేన్‌లోనూ చక్రాలు వెళ్లే దారిలో రెండు పల్లాలు చేశాయి. వాన పడితే నీళ్లు నిలబడేది సరిగ్గా ఆ పల్లాల్లోనే, మన చక్రాలు ఉండేదీ అక్కడే.

మంచు మాత్రం కిందనున్న ఊళ్లలో ఏడాదికి కొద్ది రోజులే. ఒక్కో ఏడాది ఒక్కసారి కూడా పడదు, ఒక్కోసారి 2019 ఫిబ్రవరి లాగా సీ-టాక్ విమానాశ్రయం దగ్గర ఒకే నెలలో 20 అంగుళాలు పడి ఊరంతా ఆగిపోతుంది. కానీ కొండ దగ్గరే ఉంది. ఐ-90 హైవే మీద బెల్‌వ్యూ ఎగ్జిట్ 10, కొండ దాటించే కనుమ స్నోక్వాల్మీ పాస్ ఎగ్జిట్ 52, ఎగ్జిట్ల నంబర్లు మైళ్లే కాబట్టి 42 మైళ్లు. పాస్ ఎత్తు 3,022 అడుగులు. ఇంటి దగ్గర వాన, నార్త్ బెండ్ దాటాక వానా మంచూ కలిసిన చిత్తడి, పైన గట్టి మంచు, ఇదంతా ఒక్క గంట ప్రయాణంలో. పిల్లలున్న ప్రతి ఇల్లూ చలికాలంలో కనీసం ఒకసారైనా ట్యూబింగ్‌కని, అంటే రబ్బరు ట్యూబుల మీద మంచులో జారడానికి, పైకి వెళ్తుంది, లేదా స్టీవెన్స్ పాస్ మీదుగా లెవెన్‌వర్త్ అనే ఊళ్లో క్రిస్మస్ దీపాలు చూడ్డానికి వెళ్తుంది.

అందుకని నా లెక్క ఇలా వేసుకున్నాను. ఏడు నెలలు వాన, నాలుగైదు రోజులు మంచు. వానలో ఆగడం మొదటి ప్రశ్న, మంచులో నడవడం రెండోది. చాలామంది దీన్ని తిరగేసి ఆలోచిస్తారు, మంచు అంటే భయం కాబట్టి మంచు కోసం టైరు వెతుకుతారు, వాన అలవాటైపోయింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. నన్ను గీత దాటించింది మంచు కాదు.

దారులు మూడు కనిపించాయి. మొదటిది మామూలు ఆల్ సీజన్ టైర్లు, డిక్కీలో మంచు రోజున చక్రాలకి చుట్టే చైన్లు. రెండోది ఎండాకాలానికి ఒక జత, చలికాలానికి బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్ లాంటి అచ్చమైన వింటర్ టైర్లు ఇంకో జత, ఏడాదికి రెండుసార్లు మార్పించడం, వాడని నాలుగూ గరాజ్‌లో పెట్టడం. మూడోది ఆల్ వెదర్ టైర్లు, అంటే ఏడాదంతా బండికే ఉండి మంచు పరీక్ష కూడా పాసైనవి. మా గరాజ్‌లో సైకిళ్లకే చోటు లేదు, పైగా అచ్చమైన వింటర్ టైరు రబ్బరు మెత్తగా ఉంటుంది, చలికి గట్టిపడకుండా అలా చేస్తారు, మంచూ ఐసూ మీద దానికి సాటి లేదు, కానీ 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర తడిసిన మామూలు రోడ్డు మీద ఆగే దూరంలో మంచి ఆల్ వెదర్ టైరు ముందు అది తరచూ వెనకబడుతుంది. మాకు చలికాలమంతా దాదాపు ఆ వాతావరణమే. అందుకే మూడో దారి పట్టాను.

ఇక్కడ గుర్తుల గురించి కొంచెం చెప్పాలి, షాపులో మనల్ని తికమక పెట్టేది ఇవే. టైరు పక్కన ఎం+ఎస్ అని ఉంటుంది, బురదకీ మంచుకీ పనికొస్తుందని దాని అర్థం, కానీ ఆ అక్షరాలు వేయడానికి మంచులో ఏ పరీక్షా అక్కర్లేదు, గాడుల అమరిక ఒక తీరుగా ఉంటే చాలు. నన్ను గీత దాటించిన టైర్ల మీద కూడా ఎం+ఎస్ ఉంది. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు ఉన్న చిన్న బొమ్మ. అది ఉందంటే గట్టిపడిన మంచు మీద ఒక ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం ఎక్కువ పట్టు చూపించిందని. ఇందులోనూ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి, ఇక్కడి ఆ పరీక్ష చూసేది మంచు మీద బండి ముందుకి లాగగలిగే పట్టుని మాత్రమే. ఆగడం, మలుపులు, ఐసు అందులో లేవు. కాబట్టి ఆ బొమ్మ ఉన్న రెండు టైర్లు మంచులో ఆగడంలో ఒకటే అనుకోకూడదు.

మా బండికి కావాల్సిన సైజు 225/65 ఆర్17. ఆ సైజులో ఆ బొమ్మ ఉన్నవి నాకు నచ్చినవి మూడు: మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, టోయో సెల్సియస్ 2, నోకియన్ వాళ్ల డబ్ల్యూఆర్ వరస. నోకియన్ ఫిన్లాండ్ కంపెనీ, 1934లోనే చలికాలం టైరు తయారుచేసినవాళ్లు, మంచు ఎక్కువుండే స్పోకేన్ వైపు ఉన్నవాళ్లకైతే నేను ముందు అదే చెప్తాను. క్రాస్‌క్లైమేట్ 2 వైపు నేను మొగ్గింది తడి రోడ్డు మీద ఆగే దూరం చూసే. స్వతంత్రంగా చేసిన పోలిక పరీక్షలు దొరికినన్ని చదివాను, తడి బ్రేకింగ్‌లోనూ మంచు బ్రేకింగ్‌లోనూ రెండింట్లోనూ పైవరసలో కనిపించింది ఇదే.

ఒక చోట మాత్రం రెండు రోజులు ఆగిపోయాను. ప్రతి టైరు మీదా ప్రభుత్వ గ్రేడు ముద్రించి ఉంటుంది, దీని మీద 640 బి ఎ అని ఉంది. 640 అరుగుదలకి, చివరి ఎ వేడికి, మధ్యలోని బి తడి పట్టుకి. వాన కోసం కొనే టైరుకి తడి గ్రేడు బి ఏంటి, దీనికంటే చవక టైర్ల మీద కూడా ఎ ఉంటే, అని మనసు పీకింది. తీరా చదివితే తెలిసింది, ఆ పరీక్షలో చక్రాన్ని పూర్తిగా బిగించేసి, తిరగకుండా చేసి, గంటకి 40 మైళ్ల దగ్గర తడి తారు మీదా తడి కాంక్రీటు మీదా ఈడ్చి పట్టు కొలుస్తారు. ఈ రోజుల్లో ఏ కారూ అలా ఆగదు, ఏబీఎస్ ఉండేదే చక్రం బిగుసుకోకుండా చూడటానికి. నిజం బండికి వేసి, ఏబీఎస్‌తో ఆపి కొలిచిన పరీక్షల్లో ఈ టైరు ముందుంది. కాబట్టి ఒక్క అక్షరం చూసి వద్దనుకోకండి, అలాగే ఒక్క అక్షరం చూసి కొనకండి.

2023 డిసెంబరు మొదటి వారంలో నాలుగూ మార్పించాను. ఆల్ వీల్ డ్రైవ్ బండికి రెండే మార్చడం మంచిది కాదు, ముందూ వెనకా చక్రాల చుట్టుకొలత తేడా వస్తే డ్రైవ్ వ్యవస్థ మీద భారం పడుతుంది. బిగించడం, బ్యాలెన్సింగ్, పన్ను అన్నీ కలిపి నాకు 920 డాలర్లు అయ్యింది. బిగించే ముందు ప్రతి టైరు పక్కన డాట్ నంబరు చివరి నాలుగు అంకెలు చూడండి, 3623 అని ఉంటే 2023లో 36వ వారంలో తయారైందని. నాలుగూ అడిగి చూసుకున్నాను, షాపులో కుర్రాడు విసుక్కోలేదు, తనే లైటు పట్టుకుని చూపించాడు.

ఇబ్బంది వచ్చింది తర్వాత, 5,000 మైళ్ల దగ్గర రొటేషన్ అప్పుడు, అంటే సమానంగా అరగడానికి టైర్ల చోట్లు మార్చేటప్పుడు. ఆ రోజు వేరే షాపుకి వెళ్లాను, పేరు రాయను. ఈ టైరు గాడులు వి ఆకారంలో ఉంటాయి, ఒక వైపుకే తిరగాలి, పక్కన బాణం గుర్తు కూడా అచ్చు వేసి ఉంటుంది. కాబట్టి ముందు టైరు అదే పక్కన వెనక్కి వెళ్లాలి, వెనకది ముందుకి రావాలి, ఎడమవి కుడికి వెళ్లకూడదు. వాళ్లు అలవాటుగా అడ్డంగా మార్చేశారు. రెండు రోజులు ఏదో కొత్త మోత వస్తోందని అనుకున్నాను, మూడో రోజు వానలో ఐ-405 మీద స్టీరింగ్ తేలిగ్గా అనిపించింది. మర్నాడు పొద్దున్నే గరాజ్‌లో వంగి చూస్తే కుడి ముందు టైరు మీద బాణం వెనక్కి చూస్తోంది. లేచి ఎడమ వైపు చూశాను, అదీ అంతే. నీళ్లని బయటికి తోయాల్సిన గాడులు అన్ని రోజులూ తిరగబడి ఉన్నాయి, అదీ మార్చి వానల్లో, పాపని రోజూ స్కూలుకి దింపుతూ. వెనక్కి తీసుకెళ్తే డబ్బు తీసుకోకుండా సరిచేశారు, సరే. కానీ వాళ్లంతట వాళ్లు గమనించలేదు, నేను చూడకపోతే అలాగే తిరిగేది. ఇలాంటి టైరు కొన్నవాళ్లు రొటేషన్ అయ్యాక షాపు దగ్గరే ఒక చుట్టు తిరిగి నాలుగు బాణాలూ చూసుకుని అప్పుడు బండి తీయండి. నిమిషం పని.

వానలో ఎలా ఉన్నాయి అంటే, మొదటి నెల సంబరాన్ని నేనే లెక్కలోకి తీసుకోలేదు. అరిగిన టైరు తీసి కొత్తది ఏది వేసినా బండి కొత్తగానే అనిపిస్తుంది. అందుకే ఈ రివ్యూ రాయడానికి రెండో చలికాలం అయ్యేదాకా ఆగాను. 2024 నవంబరు నాటికి 14,000 మైళ్లు తిరిగాయి, అదే కొండ, అదే సిగ్నల్, అదే తుంపర. రోజూ దిగేదే కాబట్టి ప్రత్యేకంగా పరీక్ష పెట్టక్కర్లేకపోయింది, ఒక రోజు ముందున్న బండి హఠాత్తుగా ఆగితే నేనూ గట్టిగానే తొక్కాల్సి వచ్చింది. పెడల్ ఒకటి రెండు సార్లు కొట్టుకుంది, ముక్కు కిందికి వంగింది, బండి నిలబడింది. ముందు బండికీ నాకూ మధ్య ఇంకో కారు పట్టేంత ఖాళీ మిగిలింది. ఆ ఖాళీని కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను, పచ్చ లైటు వచ్చి వెనకవాళ్లు హారన్ కొట్టేదాకా. ఐ-405 పల్లాల్లో నిలిచిన నీళ్ల మీద కూడా మునుపు 60 దాటితే స్టీరింగ్ దూదిలా అయిపోయేది, ఇప్పుడు నీళ్లు టైరు పక్కల నుంచి సర్రున చిమ్మే చప్పుడు వినిపిస్తుంది, బండి మాత్రం గీత మీదే ఉంటుంది. అలాగని 70లో వెళ్లమని కాదు. నీళ్లు నిలిచాక ఏ టైరైనా ఒక వేగం దాటితే తేలుతుంది.

మంచుకి వస్తే, 2025 ఫిబ్రవరి మొదటి వారంలో మా దగ్గర కింద కూడా మంచు పడింది, స్కూళ్లకి సెలవు. పొద్దున్నే ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్లి గంటకి 15, 20 మైళ్ల దగ్గర బ్రేకు తొక్కి చూశాను, మలుపుల్లో స్టీరింగ్ తిప్పి చూశాను. ఇది ప్రతి ఒక్కరూ చేయాలి, ఎవరూ లేని చోట, మీ బండి ఎంత దూరంలో ఆగుతుందో మీ కాలికి తెలియాలి. బండి నేను అనుకున్న దానికంటే ముందే, నేరుగా ఆగింది. దిగి టైరు చూశాను. గాడుల నిండా మంచు గట్టిగా కూరుకుపోయి ఉంది, నల్ల టైరు మీద తెల్లటి వి ముద్రలు వరసగా. అది చూసి మొదట కంగారుపడ్డాను, గాడులు పూడిపోయాయే అని. నిజానికి మంచులో పట్టు వచ్చేదే అలా. మంచుని గట్టిగా పట్టుకునేది మంచే, పిల్లలు ఉండలు చేసేటప్పుడు అది దానికదే అంటుకున్నట్టు గాడిలో ఇరుక్కున్న మంచు రోడ్డు మీది మంచుని పట్టుకుంటుంది. దానికి తోడు రబ్బరు దిమ్మల మీద కత్తితో గీసినట్టున్న సన్నటి గీతలు అంచులుగా తెరుచుకుని కరుచుకుంటాయి.

అంతకు ముందు డిసెంబరులో అమ్మ వచ్చినప్పుడు పాస్ మీదికి తీసుకెళ్లాం. అమ్మ ఇంతకు ముందు మంచు చూడలేదు. నార్త్ బెండ్ దాటాక వాన చినుకులు అద్దం మీద ముద్దలుగా మారడం చూసి సీటు పట్టుకుంది. "ఒరేయ్, మెల్లగా పోరా, మనకేం తొందర లేదు" అంటూనే ఉంది. "మెల్లగానే వెళ్తున్నా అమ్మా, నలభై కూడా లేదు" అన్నాను. పైన బోర్డు మీద ట్రాక్షన్ టైర్లు, అంటే ఎం+ఎస్ లేదా ఆ కొండ బొమ్మ ఉన్నవి, తప్పనిసరి అని ఉంది. కుడి పక్క వాలులో ఒక పెద్ద ఎస్‌యూవీ ముక్కు గుంటలోకి పెట్టి నిలబడి ఉంది, చుట్టూ మనుషులు, ఎవరికీ ఏం కాలేదనుకుంటా. మా బండి ఎక్కడం ఎలాగూ ఎక్కింది, నాకు భయమల్లా దిగేటప్పుడే. దిగేటప్పుడు కూడా రెండు చోట్ల బ్రేకు కొంచెం గట్టిగానే పడింది, తోక అటూ ఇటూ ఊగలేదు. ఇంటికొచ్చాక అమ్మ ఫోన్లో పిన్నితో మంచు గురించి చెప్పింది, ట్యూబింగ్ గురించి చెప్పింది, రోడ్డు గురించి ఒక్క మాట అనలేదు. నాకు అంతకంటే ఏం కావాలి.

ఐసు దగ్గర మాత్రం నన్ను నమ్మండి, ఈ టైరు ఆపదు. కరిగిన మంచు రాత్రికి గడ్డకట్టి అద్దంలా తయారైన రోజు, లేదా 2022 డిసెంబరు 23న లాగా గడ్డకట్టే వాన పడి సీ-టాక్‌లో రన్‌వేలే మూసేసిన రోజు, ఇంట్లో ఉండటమే. మేకుల్లేని టైర్లలో ఐసు మీద మంచి వింటర్ టైరు దీనికంటే చాలా నయం, దానికీ హద్దుంది.

చైన్ల సంగతి కూడా చాలామందికి సరిగ్గా తెలియదు. వాషింగ్టన్‌లో పాస్‌ల మీద చైన్లు తప్పనిసరి అని బోర్డు పెట్టినప్పుడు ట్రాక్షన్ టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ బండ్లు వాటిని వేసుకోనక్కర్లేదు, కానీ ఒక జత బండిలో ఉండి తీరాలి. లేకపోతే జరిమానా 500 డాలర్ల దాకా. మూడు శిఖరాల బొమ్మ ఉన్నా సరే, చైన్లు డిక్కీలో ఉండాల్సిందే. మీ బండికి ఏ రకం పడుతుందో మాన్యువల్‌లో చూసి కొనండి, కొన్నాక ఒకసారి ఎండలో, డ్రైవ్‌వేలో వేసి చూసుకోండి. విస్లర్ వెళ్లేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి, కెనడా వైపు సీ టు స్కై రోడ్డు మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా ఎం+ఎస్ లేదా ఆ కొండ బొమ్మ ఉన్న టైర్లే ఉండాలి, లోతు కనీసం 3.5 మిల్లీమీటర్లు.

లోటు లేదా అంటే, ఈ తరహా టైర్లన్నిటికీ ఉండేదే. కారుతో వచ్చే టైర్లని కంపెనీలు మైలేజీ బాగా చూపించేలా ఎంచుతాయి, ఆల్ వెదర్ టైరు రోడ్డుని ఎక్కువ పట్టుకుంటుంది కాబట్టి మైలేజీ కాస్త తగ్గడం మామూలే, హైబ్రిడ్ ఉన్నవాళ్లకి ఆ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. వి గాడుల టైర్లు అరిగేకొద్దీ కొంచెం మోత చేయడం కూడా మామూలే, రొటేషన్ వాయిదా వేస్తే ఇంకా ఎక్కువ. ధర కూడా ఎక్కువే. 60,000 మైళ్ల వారంటీ ఉంది గానీ అది పూర్తిగా డబ్బు వెనక్కిచ్చే వారంటీ కాదు, తిరిగినంత పోను మిగిలిన భాగానికే లెక్క కడతారు, రొటేషన్ చేయించిన కాగితాలు దాచుకోవాలి. గాలి కూడా చూసుకుంటూ ఉండండి, ఉష్ణోగ్రత 10 డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ పడిపోతుంది, సెప్టెంబరులో సరిగ్గా ఉన్న గాలి డిసెంబరులో తక్కువవుతుంది, గాలి తక్కువైన టైరు నీళ్ల మీద త్వరగా తేలుతుంది. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు తీస్తే పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది.

టైర్ల గురించి చదువుతూ పోతే ఇంకో సంగతి తగిలింది, మా ఊరిదే కాబట్టి రాస్తున్నాను. ప్రతి అక్టోబరులో పిల్లల్ని ఇసాక్వా తీసుకెళ్లి, సముద్రం నుంచి ఏటికి ఎదురీది వచ్చే సాల్మన్ చేపల్ని చూపిస్తాం. ఇక్కడి ఊళ్ల మధ్య ఏళ్లలో కోహో సాల్మన్లు తొలి వానలకి గుడ్లు పెట్టకుండానే చచ్చిపోవడం ఏళ్ల తరబడి ఎవరికీ అంతుపట్టలేదు. 2020లో వాషింగ్టన్ యూనివర్సిటీ, వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కారణం పట్టుకున్నారు. టైరు పగలకుండా రబ్బరులో కలిపే 6పీపీడీ అనే పదార్థం గాలిలోని ఓజోన్‌తో కలిసి ఇంకో రసాయనంగా మారుతుంది, టైరు అరిగిన ధూళితో పాటు వాన నీళ్లలో ఏట్లోకి చేరి ఆ చేపల్ని చంపుతుంది. దాదాపు అన్ని కంపెనీల టైర్లలోనూ ఉండేదే ఇది, దీనికి బదులు ఏం వాడాలో ఇంకా వెతుకుతున్నారు. మన చేతిలో ఉన్నది తక్కువే, గాలి సరిగ్గా ఉంచడం, అలైన్‌మెంట్ చూసుకోవడం, సిగ్నల్ దగ్గర చక్రాలు గిర్రున తిప్పకపోవడం. ఎంత నెమ్మదిగా అరిగితే అంత తక్కువ ధూళి.

అందరికీ ఇదే కొనమని చెప్పను. మినియాపొలిస్‌లోనో బఫెలోలోనో ఉన్నవాళ్లు నెలల తరబడి మంచూ ఐసూ మీద నడుపుతారు, వాళ్లు అచ్చమైన వింటర్ టైర్లే కొనాలి, ఇందులో బేరం లేదు. డల్లాస్‌లో ఉన్నవాళ్లకి ఎండ వేడికి నిలిచే మంచి ఆల్ సీజన్ చాలు. బే ఏరియాలో ఉండి చలికాలంలో ఒకటి రెండుసార్లు టాహో వెళ్లేవాళ్లకి, పోర్ట్‌లాండ్‌లో ఉన్నవాళ్లకి, మా లాంటి సియాటెల్ వాళ్లకి ఈ రకం సరిగ్గా సరిపోతుంది. మీ టైర్లలో ఇంకా సగం పైన లోతు ఉంటే ఇప్పుడే పరుగెత్తి మార్చక్కర్లేదు. క్వార్టర్ పెట్టి చూసి, తప్పితే మాత్రం వానలు మొదలయ్యే ముందే మార్చండి. నవంబరులో మొదటి మంచు కబురు రాగానే షాపుల ముందు లైన్లు కడతారు, మీ సైజు దొరకదు, దొరికింది వేయించుకోవాల్సి వస్తుంది.

నావి ఇప్పుడు 24,000 మైళ్లు తిరిగాయి. కొత్తలో 10/32 ఉండేది, మొన్న కొలిస్తే 7/32 దగ్గర ఉంది, నాలుగూ సమానంగానే అరిగాయి. మంచుకి కనీసం 6/32 ఉండాలంటారు, వానకి 4/32. కాబట్టి వచ్చే చలికాలం పాస్ ఎక్కడానికి సరిపోవచ్చు, ఆ పై ఏడాది వానకి మాత్రమే. డిసెంబరులో బయల్దేరే ముందు మళ్లీ కొలుస్తాను, 6 కంటే తగ్గితే లెవెన్‌వర్త్‌కి కారు తీయం, సియాటెల్ నుంచి ఆమ్‌ట్రాక్ రైలు అక్కడ ఆగుతుంది, పాపకి రైలంటే ఇష్టం కూడా.